రుమటాయిడ్‌కి డీఎన్‌ఏ వ్యాక్సిన్ వచ్చేసిందంట, ఎవరికైనా తెలుసా?

పెద్దకూతురు | సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. కొత్తగా చేరాను, తప్పు విభాగంలో పెడితే చెప్పండి, మార్చేస్తా. మా అమ్మకి 58, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచిపోయే జబ్బు) వచ్చి తొమ్మిదేళ్లు. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్రల మీద నడుస్తోంది. పొద్దున లేవగానే గంటసేపు వేళ్లు ముడుచుకోవు, టూత్‌పేస్ట్ మూత పళ్లతో కొరికి తీస్తుంది. ఈమధ్య ఎవరో వీడియో పంపారు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన డీఎన్‌ఏ వ్యాక్సిన్ అంట, కొన్ని డోసులంతే, జబ్బు మూలంలోంచి పోతుందంట, మనుషుల మీద కూడా టెస్ట్ చేసేశారంట అని చెప్తున్నాడు. అమ్మ అది పదిసార్లు చూసింది. ఇది ఎక్కడ దొరుకుతుంది, అసలు ఉందా, లేక ఉత్తదేనా? నాకు బయాలజీ పదో క్లాసుతో ఆగిపోయింది, కొంచెం అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్.

పాత_కీలు | రాత్రి 11:05

వ్యాక్సిన్ సంగతి తర్వాత చూద్దాం గానీ అమ్మా, ముందు ఒకటి చెప్పు. మీ అమ్మగారు మాత్రలు వేసుకుంటున్నారా లేదా? పదిసార్లు చూసింది అన్నావు కదా, అందుకే అడుగుతున్నా.

డబుల్‌డోస్ | రాత్రి 11:19

వీడియో నిజమే అండి. ఎలుకల్లో ఎప్పుడో ప్రూవ్ అయిపోయింది, ఇరవై ఏళ్లు దాటింది. బయటికి రానివ్వరు అంతే, జీవితాంతం సూదులు అమ్ముకోవాలిగా కంపెనీలు.

ఎలుకలమేస్త్రి | రాత్రి 11:58

డబుల్‌డోస్ గారు సగం నిజం చెప్పారు, మిగతా సగం నేను చెప్తా. ఈ తరహా పని ఒక ల్యాబ్‌లో నాలుగేళ్లు చేశాను, ఇప్పుడు మానేసి వేరే ఉద్యోగం చేసుకుంటున్నా, కాబట్టి నాకు అమ్ముకునేది ఏమీ లేదు.

డీఎన్‌ఏ వ్యాక్సిన్ అంటే పెద్ద మాయేం కాదు. ప్లాస్మిడ్ అని గుండ్రటి డీఎన్‌ఏ ముక్క ఉంటుంది, దాన్ని బ్యాక్టీరియాలో పెంచి శుద్ధి చేస్తారు. మనకి కావాల్సిన ప్రొటీన్ జీన్ అందులో పెట్టి కండలోకి ఇంజెక్షన్ చేస్తే అక్కడి కణాలు కొన్ని దాన్ని లోపలికి లాక్కుని, జీన్ చదివి, ఆ ప్రొటీన్‌ని కొన్నాళ్లు తయారు చేస్తాయి. ఉత్త డీఎన్‌ఏ కండలో అలా పనిచేస్తుందని చిట్టెలుకల్లో 1990లోనే చూపించారు. దీన్ని ఆటోఇమ్యూన్ జబ్బుకి (ఇమ్యూనిటీ మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) మందులా వాడొచ్చేమో అన్న ఆలోచన తర్వాత వచ్చింది, 1996లో ఎంఎస్ (నరాల పైపూత దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్) లాంటి జబ్బు తెప్పించిన చిట్టెలుకల్లో పనిచేసింది.

ఇక కీళ్లకొస్తే 1997లో ఎలుకలకి క్షయ జాతి బ్యాక్టీరియాలోని హీట్ షాక్ ప్రొటీన్ 65 (హెచ్‌ఎస్‌పీ65) జీన్‌ని ఇలా డీఎన్‌ఏ రూపంలో ఇచ్చారు, తర్వాత ఆర్థరైటిస్ తెప్పించబోతే సరిగ్గా రాలేదు. 2002లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ ఇరున్ కోహెన్ గ్రూపు వాళ్లు మనిషి హెచ్‌ఎస్‌పీ60 డీఎన్‌ఏతో చేశారు, ఆ తర్వాత 2004లో హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90తో కూడా. హీట్ షాక్ ప్రొటీనే ఎందుకంటే, కణం కష్టంలో ఉన్నప్పుడు అది ఎక్కువగా తయారవుతుంది, వాచిన కీలులో అయితే మరీ ఎక్కువ. దాన్ని గుర్తుపట్టే టీ కణాల్లో (ఇమ్యూన్ వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) గొడవని సర్దిచెప్పే రకం కూడా ఉంటాయి, వాటిని పెంచితే మంట తగ్గుతుంది అన్నది లెక్క.

ఇంకో దారి కూడా ఉంది. 2000లో నాథన్ కరిన్ గ్రూపు కీలులోకి కణాలని పిలిచే కీమోకైన్ల జీన్లు ఇచ్చారు, ఎలుక తన కీమోకైన్ల మీద తనే యాంటీబాడీలు తయారుచేసుకుంది, జబ్బు మొదలయ్యాక ఇచ్చినా తగ్గింది. బయట కొనే బయాలజిక్‌ని (యాంటీబాడీ లాంటి ప్రొటీన్ మందు) ఒంట్లోనే తయారు చేయించినట్టు అనుకోండి.

ఇవన్నీ ఎలుకలు. ఇంతవరకు ఏ దేశంలోనూ రుమటాయిడ్‌కి డీఎన్‌ఏ వ్యాక్సిన్‌ని మందుగా ఆమోదించలేదు. దొరకదు, ఎవరైనా ఇస్తామంటే పారిపోండి.

మెథో_బుధవారం | మంగళవారం ఉదయం 6:31

మేస్త్రి గారూ నాదో తిక్క ప్రశ్న. వ్యాక్సిన్ అంటే ఇమ్యూనిటీని లేపేది కదా, మాకు ఉన్న రోగమే ఇమ్యూనిటీ అతిగా లేవడం. మళ్లీ లేపితే ఎలా? మంట మీద నెయ్యి పోసినట్టు కాదా?

సందేహాలరావు | ఉదయం 7:10

తిక్క ప్రశ్న కాదండి, అసలు ప్రశ్న అదే.

ఎలుకలమేస్త్రి | ఉదయం 8:02

బస్సులో ఉన్నా, ఫోన్‌లో కొడుతున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ఒకే ప్రొటీన్‌ని ఇమ్యూన్ వ్యవస్థకి చూపించే తీరుని బట్టి అది కొట్లాటకైనా దిగుతుంది, ఊరుకోనైనా ఊరుకుంటుంది. పక్కన ప్రమాద సంకేతం ఉంటే దిగుతుంది, లేకపోతే ఓహో ఇది మనదేలే అనుకుంటుంది. మామూలు వ్యాక్సిన్‌లో ఆ సంకేతం కావాలనే కలుపుతారు, దీంట్లో కావాలనే తీసేయాలి.

చిక్కు ఏంటంటే ప్లాస్మిడ్ బ్యాక్టీరియాలో పెరిగింది కదా, బ్యాక్టీరియా డీఎన్‌ఏలో సీపీజీ అనే అక్షరాల జంటలు మెథిలేషన్ (మన డీఎన్‌ఏ మీద ఉండే ఒక రసాయన గుర్తు) లేకుండా ఉంటాయి, మన కణాల్లో టీఎల్‌ఆర్9 అనే రిసెప్టర్ వాటిని చూసి బ్యాక్టీరియా వచ్చిందని కేకలు పెడుతుంది. మీరు నెయ్యి అన్నారు చూడండి, 1999లో ఒక పేపర్ వచ్చింది, సీపీజీ ఉన్న బ్యాక్టీరియా డీఎన్‌ఏని చిట్టెలుక మోకాల్లోకి నేరుగా ఎక్కిస్తే ఆ డీఎన్‌ఏ ఒక్కటే చాలు, ఆర్థరైటిస్ వచ్చేసింది! మందు అనుకున్నదే రోగం తెచ్చింది. అందుకని తర్వాత వచ్చిన ప్లాస్మిడ్లలో కొన్నిట్లో సీపీజీలని జీపీజీగా తిరగరాశారు, ఒక్క అక్షరం తేడా, ఆ జీపీజీకి చల్లార్చే గుణం ఉంటుంది. వ్యాక్సిన్ అన్న పేరు కూడా అందుకే జనాన్ని తికమక పెడుతోంది, ఈమధ్య కొందరు ఇన్వర్స్ వ్యాక్సిన్ అంటున్నారు, ఆ పేరే నయం.

షుగర్_టైప్1 | ఉదయం 9:15

నాది కీళ్ల జబ్బు కాదు, ఇక్కడ ఊరికే చదువుతుంటా, కానీ ఇది మా ఏరియా కాబట్టి చెప్తున్నా. మనుషుల్లో అసలు చేయలేదు అనుకోకండి. టైప్ 1 షుగర్ ఉన్న మాకు (ఇదీ ఆటోఇమ్యూనే) బీహెచ్‌టీ-3021 అని ప్రోఇన్సులిన్ (ఇన్సులిన్‌కి ముందు రూపం) జీన్ ఉన్న ప్లాస్మిడ్ ట్రయల్ జరిగింది, 80 మంది, వారానికొక ఇంజెక్షన్ చొప్పున 12 వారాలు, 2013లో ఫలితాలు వచ్చాయి. 1 ఎంజీ డోసు వాళ్లలో 15వ వారానికి సీ-పెప్టైడ్ 19.5 శాతం పెరిగింది, ప్లసీబో (మందు లేని ఉత్త ఇంజెక్షన్) వాళ్లకి 8.8 శాతం తగ్గింది, సీ-పెప్టైడ్ అంటే సొంత ఇన్సులిన్ ఎంత మిగిలిందో చెప్పే లెక్క. ప్రోఇన్సులిన్ మీద దాడిచేసే టీ కణాలు కూడా తగ్గాయి. అది చదివిన రోజు నేను రాత్రంతా నిద్రపోలేదు. ఇప్పటికీ రోజుకి నాలుగు సూదులు వేసుకుంటున్నా, అది వేరే విషయం.

సందేహాలరావు | ఉదయం 9:48

ఆ ట్రయల్ చేసిన కంపెనీయే ఎంఎస్‌కి చేసిన సంగతి కూడా చెప్పండి మరి. బీహెచ్‌టీ-3009, నరాల పైపూతలో ఉండే మైలిన్ బేసిక్ ప్రొటీన్ జీన్, 289 మంది, 2008. 0.5 ఎంజీ వాళ్లకి ఎంఆర్‌ఐలో కొత్త మచ్చల రేటు సగానికి తగ్గినట్టు కనబడింది కానీ పీ వాల్యూ 0.07, అంటే ఇది కాకతాళీయం కాదని ఒప్పుకునే 0.05 గీత దాటలేదు. 1.5 ఎంజీ ఇచ్చినవాళ్లకి అసలు లాభమే లేదు. మూడింతలు ఇస్తే పనిచేయకపోవడం ఏంటి?

ఎలుకలమేస్త్రి | ఉదయం 10:20

ఆ ఎక్కువ డోసు సంగతి విచిత్రమేమీ కాదు, ప్లాస్మిడ్ ఎక్కువైతే దాంతోపాటు మిగిలిన సీపీజీలూ ఎక్కువవుతాయి కదా, చల్లార్చేది కాస్తా మళ్లీ లేపేది అయిపోతుంది. ఇది ఒక వివరణ. ఇలాంటి మందులకి డోసు ఎంత పెంచితే అంత మంచిది అన్న లెక్క చెల్లదు.

డబుల్‌డోస్ | ఉదయం 10:34

నా పేరు మీద సెటైరా ఇది 😄

పెద్దకూతురు | ఉదయం 11:02

పాత_కీలు గారు రాత్రి అడిగారు, నేను జవాబు ఇవ్వలేదు ఎందుకంటే నాకే తెలీదు. పొద్దున అమ్మ మాత్రల డబ్బా తెరిచి చూశా. మెథోట్రెక్సేట్ షీటు మూడు వారాలుగా ముట్టుకోలేదు. అడిగితే "ఎలాగూ వ్యాక్సిన్ వస్తోందిగా, ఈలోపు ఆ విషం ఒంట్లోంచి పోనీ అనుకున్నా" అంది. కుడి మణికట్టు బన్నులా ఉబ్బింది, గాజు తీసేసింది, నాకు చెప్పకుండా చీర కొంగు కప్పుకుని తిరుగుతోంది ఇన్నాళ్లూ. నాకు ఏడుపొస్తోంది, నేను అదే ఇంట్లో ఉన్నా.

పాత_కీలు | ఉదయం 11:09

అనుకున్నా. సరే, ఏడవకు, ఇది సర్దుకునేదే. ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి మూడు వారాలు ఆపేసిందని ఉన్నదున్నట్టు చెప్పు, సిగ్గుపడకు, వాళ్లు రోజూ వినేదే. మళ్లీ మొదలుపెట్టేముందు బ్లడ్ టెస్ట్ అడగొచ్చు. ఒకటి మాత్రం జాగ్రత్త, మానేసిన మూడు వారాలవి కలిపి ఒకేసారి వేసేయకూడదు, రోజూ కూడా వేయకూడదు, అది వారానికి ఒక్కరోజు వేసే మందు, పొరపాటున రోజూ వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్లు ఉన్నారు. ఫోలిక్ యాసిడ్ సంగతి కూడా అడుగు.

నేను కూడా ఒకప్పుడు ఆపాను. నా విషయంలో వీడియో కాదు, పక్కింటావిడ. నాలుగు నెలలు. ఎడమచేతి ఉంగరం వేలు అప్పుడు వంకర తిరిగింది, మందు మళ్లీ మొదలుపెట్టాక వాపు తగ్గింది గానీ వేలు అలాగే ఉండిపోయింది. మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు.

మెథో_బుధవారం | ఉదయం 11:40

నాకు ప్రతి బుధవారం వాంతి వచ్చినట్టుంటుంది, గురువారం మనిషినే కాను, అయినా వేసుకుంటా. "విషం" అని ఆవిడ అనడంలో తప్పులేదు అండి, ఆ రోజు నోట్లో అదే అనిపిస్తుంది. కోప్పడకండి ఆవిడ మీద. వాంతికి డోసు మార్చడమో ఇంజెక్షన్‌కి మార్చడమో ఉంటాయి, డాక్టర్‌ని అడగమనండి.

పెద్దకూతురు | మధ్యాహ్నం 1:26

ఫోన్ చేశా. రేపు పొద్దున రమ్మన్నారు, బ్లడ్ టెస్ట్ చేయించుకుని రమ్మన్నారు. థాంక్యూ అండి ఇద్దరికీ.

మేస్త్రి గారూ, అమ్మ ఒప్పుకోవట్లేదు, "వీడియోలో మనుషుల మీద చేశామని పేపర్ కూడా చూపించారు, 160 మంది" అంటోంది. నేను ఆపి చూశా, పేపర్‌లో డీఎన్‌ఏ-జే-పీ1 అని ఉంది. మీరు రుమటాయిడ్‌కి లేదన్నారు కదా?

ఎలుకలమేస్త్రి | మధ్యాహ్నం 2:15

హహ దొరికాడు. అది డీఎన్‌ఏ వ్యాక్సిన్ కానే కాదమ్మా! డీఎన్‌ఏ-జే అనేది ఒక ప్రొటీన్ పేరు. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఉండే హీట్ షాక్ ప్రొటీన్, ఎప్పుడో డీఎన్‌ఏ కాపీ అవడం మీద పరిశోధన చేస్తుండగా దొరికింది కాబట్టి జీన్‌కి ఆ పేరు పడింది. డీఎన్‌ఏ-జే-పీ1 అంటే ఆ ప్రొటీన్‌లోంచి కత్తిరించిన చిన్న పెప్టైడ్ ముక్క. నోట్లో వేసుకునేది, సూది కూడా కాదు. పేరులో డీఎన్‌ఏ కనబడగానే తెల్లకోటాయన అల్లేశాడు, లేదా ఆయనకే తెలీదు.

ట్రయల్ మాత్రం నిజం, మంచిది కూడా. 2009లో వచ్చింది, రుమటాయిడ్ ఉన్న 160 మందికి రోజూ 25 ఎంజీ చొప్పున ఆర్నెల్లు ఇచ్చారు. ఆ పెప్టైడ్‌ని చూసినప్పుడు టీ కణాలు విడుదల చేసే టీఎన్‌ఎఫ్ (మంట పెంచే ప్రొటీన్) తగ్గింది, రోగలక్షణాలు కూడా ఓ మోస్తరుగా తగ్గాయి. అందులో మీ అమ్మగారికి సంబంధించిన ముక్క ఒకటుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా వేసుకుంటున్న వాళ్లలో ఆ పెప్టైడ్ బాగా పనిచేసినట్టు తర్వాత లెక్కల్లో కనబడింది. అంటే ఆవిడ మెథోట్రెక్సేట్‌తో పాటు ఆ పాత మాత్రని కూడా మానేస్తే, ఆ కొత్తది నిజంగా వచ్చినా పనిచేసే అవకాశం తగ్గినట్టే.

సందేహాలరావు | మధ్యాహ్నం 2:50

మంచి పాయింట్. కానీ మేస్త్రి గారూ, ఎలుకల్లో అంత బాగా పనిచేసింది కీళ్ల జబ్బు ఉన్న మనుషులదాకా ఎందుకు రాలేదు? డబుల్‌డోస్ గారి కంపెనీ కుట్ర నేను నమ్మను, కానీ పాతికేళ్లు చిన్న టైమేం కాదుగా.

ఎలుకలమేస్త్రి | రాత్రి 9:40

ఇంటికొచ్చాను, ఇప్పుడు తీరిగ్గా చెప్తా.

మా ఎలుకలకి ఆర్థరైటిస్ మేమే తెప్పించేవాళ్లం. లూయిస్ జాతి ఎలుక. చంపేసిన క్షయ బ్యాక్టీరియాని నూనెలో కలిపి తోక మొదట్లో సూదితో ఇస్తాం. పదో రోజుదాకా మామూలుగా తిరుగుతుంది. పదకొండు, పన్నెండో రోజుకి వెనక పాదం ఎర్రబడుతుంది, తర్వాత చీలమండ ఉబ్బుతుంది, కాలు కింద ఆనించకుండా ఎత్తి పెట్టుకుంటుంది. ఒక్కో పాదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, నాలుగు పాదాలకి కలిపి 16. కాలిపర్స్‌తో పాదం మందం కొలిచేవాణ్ని, పిల్లలకి చెప్పుల సైజు చూసినట్టు. అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

ఇప్పుడు తేడా చూడండి. ఆ ఎలుకలో జబ్బు ఏ తేదీన మొదలైందో నాకు తెలుసు, దేంతో మొదలైందో తెలుసు, ఎలుకలన్నీ అన్నదమ్ముల కంటే దగ్గరి పోలిక. పైగా ఆ లూయిస్ ఎలుకకి కొన్ని వారాలకి వాపు దానంతటదే తగ్గుముఖం పడుతుంది! అంటే తగ్గడానికి సిద్ధంగా ఉన్న దాన్ని మనం కాస్త తోశాం. మనిషికి అలా కాదు. రక్తంలో యాంటీబాడీలు లక్షణాల కంటే ముందే వస్తాయి, రక్తదానం చేసినవాళ్ల పాత శాంపిళ్లు తీసి చూస్తే సగటున నాలుగున్నరేళ్ల ముందు నుంచే కనబడ్డాయి, ఒకరిద్దరికి పదేళ్లకి పైనే. నొప్పి అని డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఇమ్యూన్ వ్యవస్థ ఒక ప్రొటీన్‌తో మొదలుపెట్టి పది ప్రొటీన్ల మీద పగబట్టేసి ఉంటుంది.

షుగర్ వాళ్లకి ప్రోఇన్సులిన్ అని ఒక గట్టి అనుమానితుడు ఉన్నాడు. మనకి ఎవరున్నారు? యాంటీ సీసీపీ టెస్ట్ అందరూ చేయించుకునే ఉంటారు, అది సిట్రులినేషన్ అయిన ప్రొటీన్ల మీద యాంటీబాడీ. ఆ ప్రొటీన్లు ఒకటా రెండా, ఫైబ్రినోజెన్, విమెంటిన్, ఇనోలేజ్, కొల్లాజెన్. అదీకాక సిట్రులినేషన్ అనేది ప్రొటీన్ తయారయ్యాక ఎంజైమ్ చేసే మార్పు, జీన్‌లో ఆ అక్షరం ఉండదు. అంటే ప్లాస్మిడ్‌లో నేరుగా రాయడానికి వీల్లేదు. నాకు తెలిసి డీఎన్‌ఏ దారికి ఇది అన్నిటికంటే పెద్ద గోడ. హీట్ షాక్ ప్రొటీన్లు ఎంచుకోవడంలో తెలివి కూడా అక్కడే ఉంది, దొంగ ఎవరో తెలియకపోయినా పోలీసుల్ని పంపించొచ్చు.

ఇంకొకటి, ఎలుక కండలో బాగా తయారైన ప్రొటీన్ మనిషి కండలో అంత తయారవదు. పెద్ద ఒళ్లు, అదే సూది. అందుకే కరెంటు షాక్‌తో కణాల్లోకి తోసే ఎలక్ట్రోపోరేషన్, సూది లేని జెట్ లాంటివి వచ్చాయి. మనుషులకి మొదట అనుమతి దొరికిన డీఎన్‌ఏ వ్యాక్సిన్ జైకోవ్-డి, 2021 ఆగస్టులో ఇండియాలో, కోవిడ్‌కి, అది కూడా సూది లేని పరికరంతోనే ఇచ్చారు. అది ఇమ్యూనిటీని లేపే రకం, మనది కాదు, కానీ ప్లాస్మిడ్‌ని పెద్ద ఎత్తున మనుషులకి ఇవ్వొచ్చని తేలింది.

డబుల్‌డోస్ | రాత్రి 10:01

కుట్ర మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం. కానీ 2007లో కీలులోకి జీన్ ఎక్కించిన ట్రయల్‌లో ఒకామె చనిపోయింది కదా, అది దాచారు.

ఎలుకలమేస్త్రి | రాత్రి 10:22

దాచలేదండి, అప్పట్లో పత్రికలన్నీ రాశాయి, బహిరంగ విచారణ జరిగింది. అది డీఎన్‌ఏ వ్యాక్సిన్ కాదు, ఏఏవీ అనే వైరస్ ద్వారా టీఎన్‌ఎఫ్‌ని ఆపే జీన్‌ని మోకాల్లోకి ఇచ్చిన జీన్ థెరపీ. 36 ఏళ్లావిడ. హిస్టోప్లాస్మోసిస్ అని ఫంగస్ ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకింది, ఆవిడ అప్పటికే టీఎన్‌ఎఫ్‌ని ఆపే అడాలిముమాబ్ అనే మందు కూడా వాడుతోంది. విచారణలో జీన్ థెరపీ కారణమయ్యే అవకాశం తక్కువ అన్నారు, పూర్తిగా కొట్టిపారేయలేదు కూడా. అప్పుడు నేను ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చా, మా గైడ్ ఆ వార్త ప్రింట్ తీసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. ఏళ్లు గడిచినా తీయలేదు.

మెథో_బుధవారం | రాత్రి 10:40

మరి ఇప్పుడు దీని మీద ఆశ పెట్టుకోవాలా వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఎలుకలమేస్త్రి | రాత్రి 10:51

ఆలోచన బతికే ఉంది, బండి మారుతోంది. 2021లో బయోఎన్‌టెక్ వాళ్లు మంట పుట్టించకుండా మార్చిన ఎంఆర్‌ఎన్‌ఏతో (జీన్ నుంచి వచ్చే నకలు, దాన్ని చదివే కణం ప్రొటీన్ చేస్తుంది) ఎంఎస్ లాంటి జబ్బున్న చిట్టెలుకల్లో ఇదే పని చేసి చూపించారు. మీకు నాకు ఉపయోగపడేంత దగ్గర్లో మాత్రం లేదు.

సందేహాలరావు | రాత్రి 11:04

ముందుగానే పట్టుకునే దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. జబ్బు రాబోతున్నవాళ్లకి అబాటాసెప్ట్ (టీ కణాలు రెచ్చిపోకుండా ఆపే మందు) ఇచ్చిన రెండు ట్రయల్స్ 2024లో వచ్చాయి, వాడుతున్నంతకాలం జబ్బు రావడం తగ్గింది. ఇలా ఇమ్యూనిటీని ఊరుకోబెట్టే టాలరెన్స్ వ్యాక్సిన్ ఏదైనా పనిచేస్తే అలాంటివాళ్లలోనే ముందు పనిచేస్తుంది, తొమ్మిదేళ్ల జబ్బులో కాదు. పెద్దకూతురు గారూ, యాంటీ సీసీపీ గురించి మీ డాక్టర్‌ని మీకోసం కూడా ఒకమాట అడగండి, కీళ్లనొప్పులు ఉంటేనే, ఊరికే భయపడి కాదు.

పెద్దకూతురు | బుధవారం సాయంత్రం 6:18

వెళ్లొచ్చాం. లివర్, కౌంట్స్ బాగున్నాయి, మెథోట్రెక్సేట్ ఇవాళ్టి నుంచే మళ్లీ, వాంతుల సంగతి చెప్తే పద్ధతి మార్చి రాశారు. మణికట్టు తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చన్నారు. డాక్టర్ కోప్పడలేదు, "వీడియో నాకూ పంపించండి" అన్నారు, అంతే.

ఈ థ్రెడ్ మొత్తం అమ్మకి చదివి వినిపించా, రెండు గంటలు పట్టింది. డీఎన్‌ఏ-జే దగ్గర నవ్వింది. పాత_కీలు గారి వేలు దగ్గర ఏం మాట్లాడలేదు. చివర్లో ఒక్కటే అడిగింది, మేస్త్రి గారిని అడగమంది. ఆ కాలు ఎత్తి పెట్టుకున్న ఎలుకలు తర్వాత ఏమయ్యాయి అని.

ఎలుకలమేస్త్రి | బుధవారం రాత్రి 8:33

చంపేస్తామండి. ప్రయోగం అయిన రోజు, నొప్పి తెలియకుండా. తర్వాత చీలమండ తీసి, ఎముకలోని కాల్షియం కరిగేదాకా వారాలపాటు ద్రావణంలో ఉంచి, పలచగా కోసి స్లైడ్ చేస్తాం, జబ్బు ఎముకని ఎంత తినేసిందో అలాగే తెలుస్తుంది. వ్యాక్సిన్ ఇచ్చినవాటి కీలు స్లైడ్‌లో అంచులు నున్నగా ఉంటే మేం చప్పట్లు కొట్టేవాళ్లం.

నేను మానేయడానికి అదొక్కటే కారణం కాదు. కానీ అమ్మగారు అడిగినట్టు ఎవరూ అడగలేదు ఇంతవరకు.

పెద్దకూతురు | బుధవారం రాత్రి 8:50

చెప్పాను. కాసేపు ఊరుకుని, మాత్ర ఎక్కడ పెట్టావే అంది.